పెల్లెట్‌లో కనిపించే పసుపంతా పొరకు అంటుకున్నదేనా?

తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు గుడ్డు లెసిథిన్‌తో, అంటే ఫాస్ఫాటిడైల్ కోలీన్ అనే లిపిడ్‌తో (కొవ్వు పదార్థంతో), బహుపొరల లైపోజోములు చేశారు; ఇవి కణపొరకు నమూనాగా వాడే సూక్ష్మ కొవ్వు సంచులు. 1 మిల్లీమోలార్ లిపిడ్‌కు 5 నుంచి 50 మైక్రోమోలార్ల దాకా బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పసుపు చేసే పదార్థం) కలిపారు. పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన ముద్దను (పెల్లెట్‌ను) వదిలి, పైన తేలిన ద్రవం కాంతిని ఎంత మింగుతుందో 440 నానోమీటర్ల దగ్గర చదివారు. కలిపిన దాంట్లోంచి పైన మిగిలింది తీసేసి, ఆ తేడానే బైండింగ్ అని లెక్క వేశారు. గీత ఎక్కడా చదును కాలేదు, చివర్లో పైకి వంగింది కూడా. పీహెచ్ 7.0కు తగ్గిస్తే బైండింగ్ పెరిగింది, 8.2కు పెంచితే బాగా పడిపోయింది. ఋణావేశమున్న లిపిడ్ ఫాస్ఫాటిడైల్ సెరీన్ కలిపినప్పుడు కొంత తగ్గింది. దీన్నిబట్టి ‘బిలిరుబిన్ ఫాస్ఫాటిడైల్ కోలీన్‌కు ప్రత్యేకంగా, బలంగా అంటుకుంటుంది’ అని థీసిస్‌లో రాయవచ్చా అని మీ ప్రశ్న.

ఇప్పుడున్న డేటాతో ఆ వాక్యం రాయకండి. మీ చేతిపనిలో లోపం ఉందని కాదు. ఈ పద్ధతిలో లిపిడ్‌లోకి వెళ్ళిన బిలిరుబిన్, నీళ్ళలో కరగలేక ముద్దకట్టి దిగిపోయిన బిలిరుబిన్, రెండూ ఒకే పెల్లెట్‌లో పడతాయి. రెండూ పసుపే. పై ద్రవాన్ని మాత్రమే చదివినంతకాలం ఏది ఎంతో విడదీసే దారి లేదు. ఈ పసుపు పదార్థంతో నేను ముప్పై ఏళ్ళకు పైగా పని చేశాను. దీని మీద ఏ పేపర్ చేతికొచ్చినా లిపిడ్ లేని ట్యూబు పెట్టారా లేదా అన్నదే మొదట వెతుకుతాను. మీరు పెట్టిన పట్టికలో అది కనబడలేదు.

నీళ్ళలో ఇది ఎంత కరుగుతుందో చూడండి. పీహెచ్ 7.4 దగ్గర అంచనాలు కొన్ని నానోమోలార్ల నుంచి కొన్ని పదుల నానోమోలార్ల దాకా ఉన్నాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త బ్రోడర్సన్ 1979లో ఇచ్చిన అంకె చాలా చిన్నది. ఆస్ట్రో బృందం చెప్పింది సుమారు 70 నానోమోలార్లు. పెద్ద అంకెనే తీసుకుందాం. మీ మధ్య ట్యూబులో ఉన్నది 20 మైక్రోమోలార్లు, అంటే 20,000 నానోమోలార్లు. కరగగలిగిన దానికి దాదాపు 285 రెట్లు. అందులో కొంత నిజంగానే లిపిడ్‌లోకి పోతుంది, కాదనను. కానీ మిగతాది ఏమైంది? కలిపిన వెంటనే ద్రావణం తేటగా, చక్కని పసుపు రంగులో కనిపిస్తుంది కాబట్టి అంతా కరిగిందనుకుంటాం. అది అతిసంతృప్త స్థితి, అంటే కరగగలిగిన దానికంటే ఎక్కువ కాసేపు ద్రావణంలో నిలిచి ఉండటం. ముద్దలు మొదట కంటికి ఆననంత చిన్నవిగా పుడతాయి, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతాయి. అరగంట అన్నది వాటికి చాలినంత సమయం.

ఇంత మొండిగా ఎందుకు ఉంటుందో అణువు ఆకారం చూస్తే తెలుస్తుంది. కాగితం మీద గీసిన బొమ్మలో రెండు కార్బాక్సిల్ గుంపులు, నాలుగు నైట్రోజన్లు, రెండు చివర్లా కార్బొనిళ్ళు కనబడతాయి. అది చూసి హాయిగా కరగాలనే అనుకుంటాం. 1976లో బోనెట్, డేవిస్, హర్స్ట్‌హౌస్ దీని స్ఫటిక నిర్మాణం తేల్చినప్పుడు అసలు సంగతి స్పష్టమైంది. అణువు మధ్యలో మడతపడి ఉంటుంది. ఒక్కో కార్బాక్సిల్ ఎదుటి సగంలోని నైట్రోజన్ హైడ్రోజన్లతో, కార్బొనిల్‌తో మూడేసి హైడ్రోజన్ బంధాలు, మొత్తం ఆరు కట్టుకుంటుంది. పెంకుటింటి నడికొప్పు మీద బోర్లించే పెంకును ఊహించుకోండి, అదే ఆకారం. నీటిని పట్టుకోవాల్సిన చేతులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బయటికి కనిపించేదంతా నూనె స్వభావమే. పొరలోకి వెళ్ళడానికి ఎంత ఇష్టపడుతుందో తనలో తాను ముద్దకట్టడానికీ అంతే ఇష్టపడుతుంది. ఇబ్బంది అంతా ఇక్కడే.

పీహెచ్ ప్రభావానికి వద్దాం. మీరు దాన్ని ‘ఆమ్ల రూపం లిపిడ్‌కు ఎక్కువగా అంటుకుంటుంది’ అని చదివారు. అలా ఉండే అవకాశం ఉంది. అయితే పీహెచ్ తగ్గితే ఆమ్ల రూపం ముద్దకట్టడం కూడా పెరుగుతుంది. ఒకే ఫలితానికి రెండు కారణాలూ సరిపోతాయి. పైగా ఏ పీహెచ్ దగ్గర ఏ రూపం ఎంత ఉంటుందన్న విషయంలోనే పెద్ద వాదం నడిచింది. ఆస్ట్రో, ముఖర్జీ బృందం 1992లో క్లోరోఫామ్‌కూ నీటికీ మధ్య పంపకాన్ని కొలిచి పీకే విలువలు (కార్బాక్సిల్ సగం మేర ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 8.12, 8.44 అని చెప్పింది. లైట్నర్, మెక్‌డొనా బృందం 1996లో కార్బన్-13 ఎన్‌ఎంఆర్‌తో చూసి సుమారు 4.2, 4.9 అంది. తేడా ఎంతదో లెక్క వేసి చూడండి. మొదటి జత నిజమైతే పీహెచ్ 7.4 దగ్గర 80 శాతానికి పైగా విద్యుదావేశం లేని ఆమ్లమే. రెండో జత నిజమైతే దాదాపు అంతా రెండు ఋణావేశాల అయానే. నేను మొదటి పక్షానికే మొగ్గుతాను. హైడ్రోజన్ బంధాల్లో ఇరుక్కున్న కార్బాక్సిల్ తన ప్రోటాన్‌ను మామూలు కార్బాక్సిల్ అంత తేలిగ్గా వదలదన్న వాదన నాకు నచ్చింది. మీరు ఏ పక్షమైనా తీసుకోండి, కానీ చర్చ అధ్యాయంలో ఏ పీకేతో లెక్క వేశారో రాయండి. రాయకుండా ‘ఆమ్ల రూపం’ అంటే వైవాలో అక్కడే ఆపుతారు.

చదును కాని గీత సంగతి. నిర్దిష్టమైన స్థానాలకు అంటుకుంటే గీత ఎక్కడో ఒకచోట చదును కావాలి. లిపిడ్‌లో కరిగిపోతే, అంటే పంపకం జరిగితే, తిన్నగా సాగాలి. పైకి వంగిందంటే అందులో ముద్దలు ఉన్నాయేమోనని నేను మొదట అనుమానిస్తాను. ఎరిక్సెన్, డేనియల్సెన్, బ్రోడర్సన్ 1981లో లైపోజోముల మీద ఇదే విషయం పట్టుకున్నారు. వాళ్ళ చిత్రంలో ముందు ద్విఋణ అయాన్ పొర మీద చేరుతుంది, అక్కడ ప్రోటాన్లు తీసుకుని ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం పొర మీదే గుంపు కడుతుంది. మీ గీత చివరి వంపు ఆ మూడో దశ కావచ్చు. లేదా పొరతో సంబంధమే లేకుండా బఫర్‌లో పుట్టిన ముద్ద కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయకుండా స్కాచర్డ్ గీత (బంధ స్థానాల సంఖ్యను, బలాన్ని లెక్కగట్టే గీత) గీసి బంధ స్థిరాంకం రాయొద్దు. గీత నుంచి అంకె ఎప్పుడూ వస్తుంది, దానికి అర్థం ఉండాలి కదా.

ఫాస్ఫాటిడైల్ సెరీన్ విషయంలో మీరు రాసిన వివరణ, అంటే ఋణావేశం ఋణావేశాన్ని తోసేస్తుందన్నది, పాక్షికంగా సరైనదే. ఇంకో రెండు సంగతులు చూడండి. ఋణావేశమున్న ఉపరితలం దగ్గర ప్రోటాన్లు ఎక్కువగా చేరతాయి, కాబట్టి అక్కడి పీహెచ్ బఫర్ పీహెచ్ కంటే తక్కువ ఉంటుంది. అది ఆమ్ల రూపానికి అనుకూలం, అంటే మీరు చెప్పిన దానికి ఎదురు దిశ. రెండోది మరీ మామూలు విషయం. ఆవేశమున్న లైపోజోములు ఒకదాన్నొకటి తోసుకుని చిన్నవిగా, విడివిడిగా ఉంటాయి, అదే వేగంలో అంత బాగా దిగవు. పైన తేలిన ద్రవంలో మిగిలిపోయిన లైపోజోములతో పాటు వాటిలోని బిలిరుబిన్ కూడా ‘అంటుకోనిది’గా లెక్కలోకి వచ్చేస్తుంది. పై ద్రవంలో లిపిడ్ తాలూకు ఫాస్ఫేట్ కొలిస్తే లైపోజోములు ఎంత మిగిలాయో ఒక్క పూటలో తేలిపోతుంది. బఫర్ ఫాస్ఫేట్ అడ్డొస్తుంది కాబట్టి ఆ ఒక్క ప్రయోగానికి ట్రిస్ బఫర్ వాడండి.

ఇక చేయాల్సిన పనులు. అన్నిటికంటే ముందు లిపిడ్ లేని ట్యూబు. అదే బఫర్, అదే పీహెచ్, అదే బిలిరుబిన్, అదే అరగంట, అదే వేగం. కింద ఎంత దిగిందో చూడండి. అయితే ఆ అంకెను నేరుగా లిపిడ్ ట్యూబు అంకెలోంచి తీసేసి ‘సరిచేశాను’ అనకండి. లిపిడ్ ఉన్నచోట స్వేచ్ఛా బిలిరుబిన్ తగ్గుతుంది కాబట్టి ముద్దలు కూడా వేరే మోతాదులో పుడతాయి. ఆ ట్యూబు ఒక హెచ్చరిక మాత్రమే. ఏ గాఢత దాటాక ముద్దలు దిగుతున్నాయో చెబుతుంది, ఆ గాఢత కింద పని చేయమంటుంది. దాంతో పాటు మొత్తం లెక్క సరిపోతుందో చూడండి. పై ద్రవంలో ఉన్నది, పెల్లెట్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించి చదివినది, ఖాళీ చేసిన ట్యూబు గోడను కడిగి చదివినది, ఈ మూడూ కలిపితే మీరు పోసిన దానికి దగ్గరగా రావాలి. బిలిరుబిన్ ప్లాస్టిక్‌కు బాగా అంటుకుంటుంది. తేడా పద్ధతిలో గోడకు అంటినదంతా పొర ఖాతాలో పడుతుంది.

రెండోది నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష: తేల్చి చూడటం. మీ మిశ్రమాన్ని చక్కెర ద్రావణంతో కలిపి అడుగున 30 శాతం సుక్రోజ్ ఉండేలా పోయండి. దాని మీద 20 శాతం సుక్రోజ్, ఆ పైన ఒట్టి బఫర్ మెల్లగా పొరలుగా పోసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. లైపోజోములు తేలికైనవి కాబట్టి పైకి లేస్తాయి, తమలో ఉన్న బిలిరుబిన్‌ను వెంట తీసుకెళ్తాయి. బిలిరుబిన్ ముద్దలు బరువైనవి, అవి అడుగునే ఉంటాయి. మామూలు సెంట్రిఫ్యూజ్‌లో రెండూ ఒకే దిశలో వెళ్తాయి, ఇక్కడ ఎదురెదురు దిశల్లో పోతాయి. పైన ఒక పసుపు పట్టీ, అడుగున ఇంకో పసుపు మరక కనబడితే మీకు వేరే వాదన అక్కర్లేదు, ఆ ట్యూబు ఫోటో చాలు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ మీ దగ్గర లేకపోతే దగ్గర్లోని ఏదైనా సంస్థలో ఒక రోజు సమయం అడగండి. ఈ ఒక్క ప్రయోగం కోసం అడగడం దండగ కాదు.

మూడోది, మీ ప్రయోగాన్ని తిరగేయండి. మీరు లిపిడ్ మార్చకుండా బిలిరుబిన్ పెంచుతూ పోయారు. దానికి బదులు బిలిరుబిన్‌ను 1 మైక్రోమోలార్‌లోపు ఒకేచోట ఉంచి, లిపిడ్‌ను 0.05 నుంచి 2 మిల్లీమోలార్ల దాకా పెంచండి. లిపిడ్‌లోకి పంపకమే జరుగుతుంటే, లిపిడ్‌లో ఉన్న దానికీ నీటిలో ఉన్న దానికీ ఉన్న నిష్పత్తి లిపిడ్ మొత్తంతో పాటు తిన్నగా పెరగాలి. లిపిడ్ రెట్టింపైతే ఆ నిష్పత్తి కూడా రెట్టింపు. ముద్దలే దిగుతుంటే లిపిడ్ ఎంతున్నా కింద పడే భాగం పెద్దగా మారదు. ఈ గీత తిన్నగా వస్తే దాని వాలు నుంచి మీకు పంపక గుణకం, అంటే లిపిడ్‌లోని గాఢతకూ నీటిలోని గాఢతకూ ఉన్న నిష్పత్తి, వస్తుంది. ‘బంధ స్థానాల సంఖ్య’ అనే మాట కంటే లిపిడ్ పొరకు ఇదే సహజమైన కొలత. పొరలో స్థానాలంటూ ఉండవు. అది పలుచని నూనె పొర.

నాలుగోది అల్బుమిన్, రక్తంలో బిలిరుబిన్‌ను మోసే ప్రోటీన్. స్వేచ్ఛా బిలిరుబిన్‌ను నానోమోలార్ల స్థాయిలో నిలకడగా పట్టి ఉంచడానికి అంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. మనిషి అల్బుమిన్ మొదటి స్థానానికి బిలిరుబిన్‌తో ఉన్న బంధ స్థిరాంకం మోలార్‌కు ఒక కోటి నుంచి పది కోట్ల మధ్య చెబుతారు, బఫర్‌నూ అల్బుమిన్ గాఢతనూ బట్టి మారుతుంది. 5 కోట్లు అనుకుందాం. అల్బుమిన్‌లో సగం నిండేలా బిలిరుబిన్ కలిపితే స్వేచ్ఛగా మిగిలేది ఆ స్థిరాంకానికి విలోమం, అంటే 20 నానోమోలార్లు. ద్రావణీయత కింద క్షేమంగా ఉన్నారు. నాలుగింట మూడు వంతులు నింపితే 60. పదింట తొమ్మిది వంతులు నింపితే 180, అక్కడ మళ్ళీ ముద్దల భయం. మొత్తం బిలిరుబిన్ రెట్టింపు కూడా కాకముందే స్వేచ్ఛా భాగం తొమ్మిది రెట్లు పెరిగింది, గమనించారా? ఈ అల్బుమిన్ మిశ్రమానికి లైపోజోములు కలిపి, తేల్చే పద్ధతితోనే వేరు చేసి, లిపిడ్‌లో చేరింది ఎంతో కొలవండి. స్వేచ్ఛా గాఢత తెలుసు కాబట్టి పంపక గుణకం నేరుగా వస్తుంది. కొవ్వు ఆమ్లాలు తీసేసిన అల్బుమిన్ వాడాలి, లేకపోతే అవి కూడా మీ పొరల్లోకి దూరతాయి.

ఈ లెక్క ఒట్టి ప్రయోగశాల లెక్క కాదు. పుట్టిన బిడ్డకు కామెర్లు బాగా పెరిగి రక్తంలో బిలిరుబిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములుందంటే అది 342 మైక్రోమోలార్లు. అల్బుమిన్ డెసిలీటరుకు 3 గ్రాములుంటే అది సుమారు 450. నాలుగింట మూడు వంతులు నిండిపోయింది. ఆ సమయంలో అల్బుమిన్ మీద చోటు కోసం పోటీపడే మందు ఇస్తే ఏమవుతుందో 1956లో సిల్వర్‌మన్, ఆయన సహచరులు నెలలు నిండని బిడ్డల్లో చూశారు. సల్ఫిసాక్సజోల్ ఉన్న మందుల జత తీసుకున్న పిల్లల్లో మరణాలు, మెదడులో పసుపు పేరుకోవడం ఎక్కువయ్యాయి. రక్తంలో బిలిరుబిన్ అంకె మాత్రం పెరగలేదు. ఆ మందు అల్బుమిన్ నుంచి బిలిరుబిన్‌ను నెట్టేస్తోందని తర్వాత తెలిసింది. నెట్టేసినది పోయింది కణాల పొరల్లోకే. మీ ట్యూబులోని పంపక గుణకం ఈ సంగతిలో ఒక భాగం. అందుకే ఆ అంకె సరిగ్గా రావాలని ఇంత పట్టుబడుతున్నాను.

అల్బుమిన్‌తో ఇంకో పని కూడా చేయండి. లైపోజోముల్లో బిలిరుబిన్ చేరాక అల్బుమిన్‌ను ఎక్కువ మోతాదులో పోసి, ఎంత వేగంగా బయటికి వస్తుందో చూడండి. లిపిడ్‌లో ఒంటరి అణువులుగా ఉన్నది క్షణాల్లో వచ్చేస్తుంది. ముద్దలు మెల్లగా కరుగుతూ నిమిషాలు, ఒక్కోసారి గంటలు తీసుకుంటాయి. జూకర్, గోలన్ బృందం 1992 నుంచి స్టాప్డ్ ఫ్లో యంత్రంతో (ద్రావణాలను క్షణంలో కలిపి మార్పును కొలిచేది) చేసిన పనులు ఈ విషయంలో తప్పక చదవాలి. వెసికిల్ (చిన్న లిపిడ్ సంచి) నుంచి వెసికిల్‌కు బిలిరుబిన్ తనంతట తానే మారుతుందని వాళ్ళు చూపారు. లిపిడ్ల కూర్పు, వెసికిల్ పరిమాణం ఆ మార్పిడిని ఎలా మారుస్తాయో 1994లో రాశారు. 1999లో ఏ ప్రోటీన్ సాయమూ లేకుండానే లిపిడ్ పొర ఈ వైపు నుంచి ఆ వైపుకు సెకనులోపే దాటుతుందని చూపారు. అంతకుముందు 1989లో లెనార్డ్, నోయ్, జాకిమ్ కూడా నమూనా పొరల మీద, జీవ పొరల మీద ఈ విషయం పరిశీలించారు. దీని వల్ల మీకొక ఆచరణాత్మక పాఠం ఉంది. ఇంత వేగంగా బయటికొచ్చే పదార్థాన్ని పది నిమిషాల జెల్ కాలమ్‌లో వేరు చేయాలనుకుంటే దారి పొడవునా లిపిడ్ నుంచి జారిపోతూ ఉంటుంది. కాలమ్ చివర వచ్చిన అంకె మొదట ఉన్న సమతాస్థితిది కాదు.

మీ స్టాక్ ద్రావణం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు: 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి ఫ్రిజ్‌లో పెట్టి వారం వాడానని. దీన్ని వెంటనే మార్చండి. క్షారంలో బిలిరుబిన్ గాలిలోని ఆక్సిజన్‌తో పాడవుతుంది, పచ్చబడటం కంటికి కనిపించేలోపే చాలా పోయి ఉంటుంది. రోజూ కొత్తగా చేయాలి, బఫర్‌లో నత్రజని వాయువు ఊది ఆక్సిజన్ తరిమేయాలి, లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ 1 మిల్లీమోలార్ వేయాలి, చేసిన కొద్ది నిమిషాల్లో వాడేయాలి. స్టాక్ పోశాక బఫర్ పీహెచ్ మళ్ళీ కొలవండి. క్షారం కొద్దిగానే పోసినా పలుచని బఫర్‌లో పీహెచ్ జరుగుతుంది, మీ 7.4 అసలు 7.4 కాకపోవచ్చు. డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో చేస్తే పీహెచ్ బాధ లేదు, కానీ చివరి మిశ్రమంలో 1 శాతం దాటనీయకండి. కాల్షియం ఉన్న బఫర్ అసలు వద్దు. కాల్షియం బిలిరుబినేట్ అనేది పిత్తాశయంలో గోధుమ, నల్లని రాళ్ళుగా మారే పదార్థం, మీ ట్యూబులోనూ అడుగున కూర్చుంటుంది. స్టాక్‌ను లైపోజోములు తిరుగుతుండగా చుక్కచుక్కగా వేయాలి. ముందు ఒట్టి బఫర్‌లో బిలిరుబిన్ కలిపి తర్వాత లిపిడ్ పోస్తే, లిపిడ్ చేరేసరికే ముద్దలు పుట్టి ఉంటాయి.

సీసాలో వచ్చే బిలిరుబిన్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. మనకు కావలసిన తొమ్మిది-ఆల్ఫా రూపంతో పాటు మూడు-ఆల్ఫా, పదమూడు-ఆల్ఫా ఐసోమర్లు అందులో కలిసి ఉంటాయి. మెక్‌డొనా, అస్సీసీ 1972లో ఈ ఐసోమర్లు ఎంత తేలిగ్గా ఒకదాంట్లోకి ఒకటి మారతాయో రాశారు. క్లోరోఫామ్‌లో కరిగించి సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కడిగి మళ్ళీ స్ఫటికాలు తీస్తే ఆమ్ల మలినాలు చాలావరకు పోతాయి. ఆ తర్వాత క్లోరోఫామ్‌లో 453 నానోమీటర్ల దగ్గర శోషణ గుణకం 60,000 పైన ఉందో లేదో చూడండి. తక్కువ వస్తే ఆ స్టాక్‌తో ముందుకు పోకండి.

వెలుతురు సంగతి నా అనుభవంతో చెప్తాను. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక వేసవి అంతా నా ఫలితాలు రెండు గుంపులుగా వచ్చేవి. పొద్దున చేసినవి ఒకలా, మధ్యాహ్నం చేసినవి తక్కువగా. పిపెట్లు మార్చాను, బఫర్లు మార్చాను, లిపిడ్ కొత్తది తెప్పించాను. నెలన్నర తర్వాత అర్థమైంది, మధ్యాహ్నం రెండు దాటాక పడమటి కిటికీలోంచి వెలుగు నేరుగా నా బల్ల మీద పడేది. నీలి కాంతి తగిలితే బిలిరుబిన్‌లో ఒక ద్విబంధం తిరుగుతుంది, మడతలోని హైడ్రోజన్ బంధాలు కొన్ని తెగుతాయి, అణువు నీటికి దగ్గరవుతుంది, లిపిడ్‌పై మోజు తగ్గుతుంది. ఆసుపత్రుల్లో కామెర్ల పిల్లలను నీలి దీపాల కింద పడుకోబెట్టేది ఈ మార్పు కోసమే. ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో నర్సు జీన్ వార్డ్ ఎండ తగిలిన చోట బిడ్డ చర్మం పసుపు తగ్గిందని గమనించడంతో అది మొదలైంది, క్రెమర్ బృందం 1958లో ప్రచురించింది. బిడ్డకు ప్రాణం పోసే ఆ మార్పే మన ట్యూబులో జరిగితే ప్రయోగాన్ని పాడు చేస్తుంది. ట్యూబులకు అల్యూమినియం రేకు చుట్టండి, గదిలో మందమైన ఎర్ర లేదా పసుపు దీపం ఒక్కటే ఉంచండి. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో కూడా అవసరానికి మించి కువెట్‌ను వదిలేయకండి.

440 దగ్గర ఒకే అంకె చదవడం కూడా మానేయండి. 350 నుంచి 650 నానోమీటర్ల దాకా పూర్తి స్పెక్ట్రం తీయండి. బిలిరుబిన్ ఎక్కడ ఉందన్న దాన్నిబట్టి శిఖరం జరుగుతుంది: క్షార నీటిలో 440 దరిదాపు, అల్బుమిన్ మీద 460 దరిదాపు. ముద్దలుంటే శిఖరం వెడల్పవుతుంది, 600 దగ్గర కూడా గీత సున్నాకు దిగదు. బిలిరుబిన్ లేని లైపోజోములను బ్లాంక్‌గా పెట్టాక కూడా 600 దగ్గర అంకె మిగిలిందంటే అక్కడ చెదిరే కాంతి ఉంది, ఆ ట్యూబును లెక్కలోకి తీసుకోవద్దు.

ఫ్లోరసెన్స్ తగ్గుదల పద్ధతి, అంటే పొరలో పెట్టిన వెలిగే అణువు కాంతిని బిలిరుబిన్ ఎంత తగ్గిస్తుందో చూడటం, వాడమంటారా అని కూడా అడిగారు. వాడొచ్చు. నగావోకా, కౌగర్ 1978లోనే లిపిడ్ల మీద ఆ పద్ధతి వాడారు. జూకర్ వాళ్ళు డాన్సిల్ అనే వెలిగే గుంపు తగిలించిన ఫాస్ఫోలిపిడ్‌తో చేశారు. దీని మేలు ఏమిటంటే దేన్నీ వేరు చేయనక్కర్లేదు, సమతాస్థితి చెదరదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. బిలిరుబిన్ 400 నుంచి 500 మధ్య బలంగా కాంతిని మింగుతుంది, డాన్సిల్ వెలుగు అక్కడికే వస్తుంది. పొరకు అంటకుండా నీళ్ళలో ఉన్న బిలిరుబిన్ కూడా దారిలో ఆ వెలుగును మింగి, తగ్గుదలలా కనిపిస్తుంది. ఉత్తేజ తరంగం దగ్గర, ఉద్గార తరంగం దగ్గర శోషణలు కొలిచి, రెంటి మొత్తంలో సగాన్ని పది మీద ఘాతంగా వేసి చదివిన వెలుగును గుణించాలి. శోషణ 0.1 దాటకుండా పలుచగా పని చేస్తే ఇంకా మంచిది. బిలిరుబిన్ పోసినంత క్షారం మాత్రమే పోసిన జోడీ ట్యూబు కూడా ఉండాలి.

ఇతర లిపిడ్ల గురించి. ముస్తఫా, కింగ్ 1970లో మైటోకాండ్రియా మీద బిలిరుబిన్ విషప్రభావానికి లిపిడ్‌తో దాని బంధం కారణం కావచ్చని రాసినప్పటి నుంచి ఫలానా లిపిడ్‌కు ఎక్కువ అంటుతుంది అనే వాదనలు వస్తూనే ఉన్నాయి. గాంగ్లియోసైడ్లు, స్ఫింగోమైలిన్ అనే లిపిడ్ల పేర్లు తరచూ వినిపిస్తాయి. అవి చదివేటప్పుడు బిలిరుబిన్ గాఢత ఎంత, అల్బుమిన్ ఉందా, లిపిడ్ లేని ట్యూబు ఉందా అని చూడండి. పదుల మైక్రోమోలార్లలో అల్బుమిన్ లేకుండా చేసిన పోలికల్లో ఒక లిపిడ్ ముద్దలను ఎక్కువగా పట్టుకుందా, ఒంటరి అణువులను ఎక్కువగా కరిగించుకుందా అన్నది తేలదు. మీరు 20 నానోమోలార్ల స్వేచ్ఛా బిలిరుబిన్ దగ్గర రెండు మూడు లిపిడ్ మిశ్రమాలను పక్కపక్కన పెట్టి చూస్తే, అది చిన్న ప్రయోగమైనా విలువైనది.

థీసిస్ గడువు దగ్గరపడిందన్న టెన్షన్ అర్థమవుతోంది. అన్నీ చేసే సమయం లేకపోతే లిపిడ్ లేని ట్యూబు, మొత్తం లెక్క, లిపిడ్ మార్చిన గీత, ఈ మూడూ రెండు వారాల్లో అవుతాయి. వాటితో మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘ఇచ్చిన పీహెచ్ వద్ద, ముద్దలు ఏర్పడే గాఢతకు దిగువన, బిలిరుబిన్ గుడ్డు ఫాస్ఫాటిడైల్ కోలీన్ పొరల్లోకి లిపిడ్ పరిమాణానికి అనులోమంగా పంపకమవుతుంది, ఆ గాఢత దాటాక కనిపించే అదనపు బైండింగ్‌లో బిలిరుబిన్ ముద్దల వాటా ఉంది.’ ‘ప్రత్యేకంగా’ అనే మాట తీసేయండి, ఇంకో లిపిడ్‌తో సమానమైన పరిస్థితుల్లో పోల్చే దాకా అది రాయలేరు. పాత గీతను పారేయకండి. దాన్ని లిపిడ్ లేని ట్యూబు గీతతో కలిపి ఒకే బొమ్మలో వేయండి. ఆ రెండు గీతలు ఎక్కడ విడిపోతున్నాయో, ఎక్కడ కలుస్తున్నాయో చూసి మళ్ళీ రాయండి, తర్వాతి అడుగు ఆ బొమ్మ చూశాక చెప్తాను.